సైన్యం కంప్యూటర్లకు ఉమ్మడి భాష: ఉత్తర్వు ఒకటి, నిలిచింది మరొకటి

మీటరు గేజి బండి బ్రాడ్‌గేజి పట్టాల మీద నడవదు. ఒకప్పుడు ఆ రెండూ కలిసే స్టేషన్లలో బస్తాలను ఒక వ్యాగన్‌లోంచి దింపి మరో వ్యాగన్‌లోకి ఎక్కించవలసి వచ్చేది. కంప్యూటర్లకూ ఇదే చిక్కు. ఒక కంపెనీ యంత్రం మాట మరో కంపెనీ యంత్రానికి తెలియదు. తెలియాలంటే రెండూ ఒకే కట్టుబాటుకు లోబడాలి. ఈ కట్టుబాట్లనే ప్రొటోకాల్స్ అంటారు. ఏ కట్టుబాటు ఉండాలన్న విషయమై అమెరికా రక్షణ శాఖ పదేళ్లకు పైగా తర్జనభర్జన పడింది.

నాలుగు యంత్రాలతో మొదలు

అమెరికా రక్షణ శాఖ డబ్బుతో 1969లో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల మొదలయింది. ఆ ఏడాది చివరికి అందులో ఉన్నవి నాలుగు కేంద్రాలే. క్రమంగా ఉపగ్రహాల మీదుగా, రేడియో మీదుగా నడిచే వలలు కూడా వచ్చాయి. వీటన్నిటినీ కలిపేందుకు వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ఒక పద్ధతిని ప్రకటించారు. అదే తర్వాత టీసీపీ/ఐపీ అయింది.

ఈ పద్ధతిలో సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడగొడతారు. ప్రతి పొట్లం మీద చిరునామా, వరుస సంఖ్య ఉంటాయి. ఒక దారి తెగితే పొట్లాలు మరో దారిన పోతాయి. చేరవలసిన చోట వరుసగా పేర్చుకుంటారు. దారిలో పోయినదాన్ని మళ్లీ పంపుతారు. యుద్ధంలో తీగలు తెగినా కబురు ఆగకూడదు కనుక సైన్యానికి ఇది నచ్చింది. 1982లో రక్షణ శాఖ దీన్ని తన ప్రమాణంగా ప్రకటించింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ పాత పద్ధతి వదలి దీనికి మారింది. అదే ఏడాది సైన్యం పనులకు మిల్‌నెట్ పేరుతో వేరే వల ఏర్పడింది.

ప్రపంచానికంతటికీ ఒకటే

ఈలోగా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఏడు అంతస్తుల నమూనా ఒకటి సిద్ధం చేసింది. దాని పేరు ఓఎస్ఐ. 1984లో అది ప్రమాణంగా అచ్చయింది. ఐరోపా ప్రభుత్వాలు దీనివైపే మొగ్గాయి. సైన్యం తన సొంత పద్ధతినే పట్టుకుంటే పరికరాలు ప్రత్యేకంగా చేయించుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. మిత్రదేశాల సైన్యాలతో మాటా కుదరదు. బజారులో అందరికీ దొరికే సరుకే కొంటే చవక. ఇదీ వాదన. 1985లో జాతీయ పరిశోధన మండలి కమిటీ రెండు పద్ధతులకూ సమాన గుర్తింపు ఇచ్చి, చివరికి అంతర్జాతీయ పద్ధతికే మారాలని సూచించింది. ప్రభుత్వ కార్యాలయాల కొత్త కొనుగోళ్లలో ఓఎస్ఐ తప్పనిసరి అన్న నిబంధన 1988లో వెలువడి 1990 ఆగస్టు నుంచి అమలయింది.

ఉత్తర్వు వచ్చింది, సరుకు రాలేదు

ఉత్తర్వు కాగితం మీద ఉంది. పనికి వచ్చే సరుకు మాత్రం సమయానికి రాలేదు. కమిటీల్లో చర్చలు సాగుతూనే ఉన్నాయి. ప్రమాణ పత్రాలు చదవాలన్నా డబ్బు పెట్టి కొనాలి. టీసీపీ/ఐపీ పత్రాలు ఎవరికైనా ఉచితమే. 1983లోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయం దాన్ని తన యూనిక్స్‌లో చేర్చి పంచింది. విద్యార్థులు దానిమీదే చేయి తిప్పుకున్నారు, కంపెనీలు దానికే సరుకు తయారు చేశాయి. నిబంధన కోసం ఓఎస్ఐ కొన్నవారు కూడా రోజువారీ పనికి పాతదాన్నే వాడుకున్నారు. చివరికి 1995లో ప్రభుత్వం నిబంధన సడలించింది. ఇతర పద్ధతులూ కొనవచ్చునంది.

మన దేశంలోనూ అదే దారి

1986లో మొదలయిన ఎర్నెట్ మన ఐఐటీలను, బెంగుళూరు విజ్ఞాన సంస్థను కలిపింది. తొలుత అందులో రెండు పద్ధతులూ నడిచాయి. 1995 తర్వాత దాదాపు అంతా టీసీపీ/ఐపీ మీదే సాగింది. ఆ ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు అందించిన ఇంటర్నెట్ కూడా ఇదే. నేడు పల్లెలో రైతు ఫోనులో మార్కెట్ ధర చూసినా, కొడుకు దుబాయి నుంచి మాట్లాడినా ఆ పొట్లాలే తిరుగుతున్నాయి.

అంతర్జాతీయ కృషి వృథా పోలేదు. ఫోనులో తెరిచిన బ్యాంకు చిరునామా అసలుదో నకిలీదో తేల్చే ఎక్స్.509 ధ్రువపత్రం ఆ కృషిలోంచి వచ్చినదే. నెట్‌వర్క్ చదువుల్లో నేటికీ ఏడు అంతస్తుల పాఠమే మొదట చెబుతారు.

ఉమ్మడి ప్రమాణం అవసరం లేదని ఆనాడు ఎవరూ అనలేదు. ఎవరు నిర్ణయించాలి, ఎప్పటికి పని చేయాలి అన్నదే తగవు. పై నుంచి గడువు పెట్టినంత మాత్రాన యంత్రం పని చేయదు. అందరి చేతికీ అంది, పని జరిపించిన పద్ధతే ప్రపంచానికి ఉమ్మడి భాష అయింది.