ఆరు నిమిషాల పాఠం, ఒక్క సెకను మౌనం

బీఎడ్‌లో ఛాత్రోపాధ్యాయుడు చెప్పే తొలి పాఠం ఆరంటే ఆరు నిమిషాలు. ఎదుట కూర్చునేది పిల్లలు కాదు, పిల్లల్లా నటించే తోటి విద్యార్థులు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఈ మైక్రో టీచింగ్‌కు మన ఎన్‌సీఈఆర్‌టీ ఒక కొలత పెట్టింది: పాఠం 6 నిమిషాలు, తప్పొప్పుల చర్చ 6, పథకం తిరగరాయడం 12, మళ్లీ పాఠం 6, మళ్లీ చర్చ 6. మొత్తం 36 నిమిషాలు.

ఒక యూనిట్‌లో 50 మంది ఉంటారు. ఒకే అధ్యాపకుడు అందరినీ చూడాలంటే ఒక్క బోధనా నైపుణ్యం సాధనకే 30 గంటలు, ఐదు నైపుణ్యాలకు 150 గంటలు. అంత తీరిక ఎక్కడిది? రెండోసారి చెప్పాల్సిన పాఠం రికార్డు పుస్తకంలోనే జరిగిపోవడం బీఎడ్ చదివినవాళ్లకు తెలియనిదేమీ కాదు.

కొంత తరగతిలో, కొంత ఆన్‌లైన్‌లో చెప్పే బ్లెండెడ్ పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. ఏ కోర్సులోనైనా 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని యూజీసీ 2021 ముసాయిదా సూచించింది. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఎడ్‌కు ఏడాదికి 200 పనిదినాలు, వారానికి 36 గంటలు ఉండాలి. ఆరు రోజుల వారం లెక్కన రెండేళ్లకు 2,400 గంటలు. ఇందులో బడిలో చేసే 20 వారాల ఇంటర్న్‌షిప్, అంటే 720 గంటలు, ముట్టుకోకూడదు. అక్కడ నిజమైన పిల్లలు కావాలి. మిగిలిన 1,680లో 40 శాతమంటే 672 గంటలు. పియాజే చెప్పిన వికాస దశలూ విద్యా కమిషన్ల చరిత్రా ఇంట్లో వీడియోలో విన్నా నష్టం లేదు; ఆ మేరకు తరగతి సమయం మైక్రో టీచింగ్‌కు మిగులుతుంది.

అయితే ఒక భయం. 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం అని నిబంధన ఉండగానే తరగతికి రాకుండానే కోర్సు పూర్తి చేసే ‘నాన్ అటెండింగ్’ అనే మాట మన దగ్గర వాడుకలోకి వచ్చింది. దానికి బ్లెండెడ్ అని కొత్త పేరు పెట్టుకుంటే మొదటికే మోసం.

ఆ ఆరు నిమిషాల పాఠాలను ఫోన్‌లో వీడియో తీస్తే మాత్రం సంగతి వేరు. ఒక్కొక్కరి రెండు పాఠాలూ చూసినా ఒక నైపుణ్యానికి 50 మందికి 10 గంటలే. పైగా చెప్పినవాళ్లూ తమను తాము చూసుకుంటారు. ప్రశ్న అడిగాక టీచరు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. ఆ సెకను తరగతిలో ఎవరికీ కనబడదు. వీడియోలో గడియారం పెట్టి కొలవవచ్చు.