కాలేయానికి ఆపరేషన్: పైత్యరసం కారితే ఏమరపాటు తగదు

గొర్రెను కోసినప్పుడు కార్జంలో నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపించడం మందలు కాసేవారికి కొత్త కాదు. పనికిరాదని ఆ ముక్కను పక్కనున్న కుక్కకు విసిరేయడమూ మామూలే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. దాన్ని తిన్న కుక్క పేగుల్లో సన్నని బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటపడి చేతుల ద్వారా, ఆకుకూరల ద్వారా, నీళ్ల ద్వారా మనిషి కడుపులోకి చేరతాయి. కాలేయంలో తిత్తి కట్టి ఏళ్ల తరబడి పెరుగుతాయి. దీన్నే వైద్యులు హైడాటిడ్ తిత్తి అంటారు.

తిత్తి పెద్దదైతే చాలామందికి ఆపరేషన్ తప్పదు. అది ముగిశాక తరచుగా ఎదురయ్యే ఇబ్బంది పైత్యరసం కారడం.

కాలేయంలో రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం ఊరుతుంది. చెట్టు కొమ్మల్లా అల్లుకున్న నాళాల గుండా పేగులోకి చేరి, తిన్న కొవ్వు అరగడానికి తోడ్పడుతుంది. పేగులో ఉన్నంతవరకే అది మేలు. కడుపులో విడిగా చేరితే చీము పట్టే ప్రమాదం ఉంది. తిత్తి పెరిగేకొద్దీ పక్కనున్న నాళాలను ఒత్తుతుంది. ఒక్కొక్కప్పుడు నాళానికి చిల్లి పడి తిత్తిలోకి తెరుచుకుంటుంది. తిత్తిని ఖాళీ చేసి ఆ చిల్లిని వదిలేస్తే, తూము మూయని చెరువులా రసం కారుతూనే ఉంటుంది.

తెల్లగుడ్డపై పసుపు మరక

ఈ చిల్లిని ఆపరేషన్ బల్లమీదే పట్టుకోవాలి. తిత్తిలోని నీరు మామూలుగా ఊటనీరులా తేటగా ఉంటుంది. పసుపుగా వస్తే నాళంతో సంబంధం ఉన్నట్లే. అప్పుడు పురుగును చంపే ఘాటు మందులు తిత్తిలోకి ఎక్కించరు. అవి నాళాల్లోకి పోతే నాళాలే దెబ్బతింటాయి. తిత్తి ఖాళీ అయ్యాక లోపల తెల్లని గాజుగుడ్డ ఉంచి, కొంతసేపు ఆగి తీసి చూస్తారు. పసుపు మరక పడిన చోట చిల్లి వెతికి కుట్టేస్తారు. అవసరమైతే పైత్యనాళంలోకి ఉప్పునీరో రంగునీరో ఎక్కించి, ఎక్కడ ఊరుతుందో చూస్తారు. గడ్డ ఉందని కాలేయంలో కొంత భాగం కోసి తీసినవారి విషయంలోనూ ఇలాగే పరీక్షిస్తారు.

గొట్టం చెప్పే కబురు

ఎంత జాగ్రత్తపడినా కంటికి ఆనని చిల్లులు మిగిలిపోవచ్చు. అందుకే కడుపులో గొట్టం పెట్టి బయట సంచి తగిలిస్తారు. మొదట ఎర్రగా వచ్చే నీరు రోజురోజుకూ పలచబడి తగ్గాలి. పసుపుగానో ఆకుపచ్చగానో మారితే పైత్యరసం కారుతున్నట్లు అనుమానించాలి. దీనికి 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక కొలత చెప్పింది. మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ గొట్టం నీటిలోని బిలిరుబిన్ రక్తంలో ఉన్నదానికి మూడు రెట్లు, అంతకు మించి ఉంటే పైత్యరసం కారుతున్నట్లే.

కొద్దిగా కారితే బెంబేలు పడనక్కరలేదు. గొట్టం ఉంచితే చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. ఆగకపోతే నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి, పైత్యనాళం పేగులో కలిసే చోట సన్నని స్టెంటు అమరుస్తారు. అసలు దారి సులువైతే చిల్లివైపు ఒత్తిడి తగ్గి అది మానుతుంది. మళ్లీ కడుపు కోసే అవసరం చాలామందికి రాదు.

ఇంటి దగ్గర

కొందరిని గొట్టంతోనే ఇంటికి పంపుతారు. సంచి నడుముకు దిగువనే వేలాడాలి. గొట్టం మెలిక పడకూడదు. రోజూ ఎంత నీరు, ఏ రంగులో వచ్చిందో రాసుకోవాలి. నీరు ఆగిందని సొంతంగా గొట్టం పీకరాదు. చలిజ్వరం, కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, నీరు ఒక్కసారిగా పెరగడం, లేదా నొప్పితోపాటు నీరు ఆగిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. కామెర్లే కదా అని పసరుమందుకు తిరుగుతూ రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

అసలు తిత్తే రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. తిత్తులున్న కార్జాన్ని, ఊపిరితిత్తులను కుక్కకు వేయకుండా కాల్చేయాలి, లేదా లోతుగా పాతిపెట్టాలి. పశువైద్యుని అడిగి మంద కుక్కకు పురుగుల మందు వేయించాలి. కుక్కను ముట్టుకున్నాక, అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.