వేసవి శిబిరానికి పిల్లలను పంపే తల్లిదండ్రులకు

గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ 2024లో ఏప్రిల్ 25 నుండి మే 31 వరకు 6-16 ఏళ్ల పిల్లలకు నామమాత్రపు రుసుముతో వేసవి ఆటల శిబిరాలు నడిపింది. ఇలాంటి వాటికి తప్పక పంపండి. టి.వి. ముందు కూర్చోబెట్టడం కన్నా ఎంతో మేలు.

శిక్షణ ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికే ముగుస్తుంది. చిక్కు ఆ తర్వాతే! కోచ్ వెళ్లిపోయినా మన పిల్లలు మిట్టమధ్యాహ్నం దాకా మైదానంలోనే క్రికెట్ ఆడుతుంటారు. తొమ్మిదిలోపు ఇంటికి తెచ్చుకోండి. పరగడుపున పంపకండి, ఒక అరటిపండైనా పెట్టండి. నీళ్ల సీసా, ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ మరువకండి.

ఎండలో ఆడిన బిడ్డకు ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. జ్వరం మాత్ర పనిచేయదు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయవద్దు.