సీతంపేట అనాస

ఆంధ్రప్రదేశ్‌లోని సీతంపేట ఏజెన్సీ కొండలలో పండే అనాస పండును సీతంపేట అనాస అంటారు. సీతంపేట మండలం పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. అనాస జీర్ణశక్తిని పెంచుతుందని, కీళ్ల నొప్పులను తగ్గిస్తుందని ప్రజలలో నమ్మకం కలదు. మొదటి దానికి కొంత ఆధారం ఉంది. రెండవది పండుకు కాక, దాని మొక్క నుండి తీసిన ఒక పదార్థానికి సంబంధించినది.

మొక్క, సాగు

అనాస శాస్త్రీయ నామం అననాస్ కొమోసస్. ఇది బ్రోమెలియేసి కుటుంబానికి చెందినది. దీని జన్మస్థానం దక్షిణ అమెరికా. పోర్చుగీసువారు దీనిని భారతదేశానికి తెచ్చారు. సీతంపేట ప్రాంతంలో సవర, జాతాపు గిరిజన రైతులు కొండవాలులలో దీనిని పండిస్తారు. పిలక నాటిన తరువాత పండు చేతికి రావడానికి సుమారు ఒకటిన్నర నుండి రెండు సంవత్సరాలు పడుతుంది. కోసిన పండ్లను కావిళ్లతోను, బుట్టలతోను కొండ దిగువనున్న సంతలకు చేరుస్తారు. పండు ఎక్కువ రోజులు నిలువ ఉండదు.

జీర్ణక్రియ

అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైముల మిశ్రమం ఉంటుంది. ఇది మాంసకృత్తులను విడగొడుతుంది. పచ్చి అనాస ముక్కలతో కలిపి ఉంచిన మాంసం మెత్తబడటానికి, పండు తిన్నప్పుడు నాలుక చురుక్కుమనడానికి ఇదే ముఖ్య కారణం. వేడికి బ్రోమెలైన్ నశిస్తుంది. కావున వండిన అనాసలోను, డబ్బాలలో నిలువ చేసిన ముక్కలలోను ఈ గుణం ఉండదు.

100 గ్రాముల పండులో సుమారు 86 గ్రాముల నీరు, 48 మిల్లీగ్రాముల సి విటమిను, 1.4 గ్రాముల పీచు ఉంటాయి. మలబద్ధకం ఉన్నవారికి పీచు ముఖ్యం. ఈ విషయంలో అదే కొండలలో దొరికే సీతాఫలం (సుమారు 4.4 గ్రాములు), జామ (సుమారు 5.4 గ్రాములు) అనాస కంటె మేలైనవి.

కీళ్ల నొప్పులు

బ్రోమెలైన్‌కు వాపును తగ్గించే గుణం ఉన్నట్లు పరిశోధనలు సూచించాయి. మోకాళ్ల అరుగుదల ఉన్న రోగులపై జరిగిన పరీక్షలలో ఫలితాలు ఒకే విధంగా లేవు. పైగా ఆ పరీక్షలలో వాడినది పండు కాదు, మాత్రల రూపంలోని బ్రోమెలైన్. దీనిని ఎక్కువగా అనాస కాండం నుండి తీస్తారు. తినే గుజ్జులో కంటె కాండంలో ఇది అధికంగా ఉంటుంది. అందువలన పండు తినడం ఆ మాత్రలకు సమానం కాదు.

కీళ్ల నొప్పులన్నింటికీ కారణం ఒకటి కాదు. గిరిజన ప్రాంతాల పిల్లలలో, యువకులలో సికిల్ సెల్ రక్తహీనత వలన కూడ ఎముకలలో, కీళ్లలో తీవ్రమైన నొప్పి వస్తుంది. ఇది వంశపారంపర్యమైన వ్యాధి. రక్తపరీక్షతో తెలుస్తుంది. దీని నివారణకై కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇటువంటి నొప్పిని వాతమని భావించి, పండ్లతో సరిపెట్టి పరీక్షను వాయిదా వేయడం ప్రమాదకరం.

జాగ్రత్తలు

* కడుపులో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి అనాస వలన బాధ పెరగవచ్చు.
* మధుమేహం ఉన్నవారు మితంగా తినాలి. 100 గ్రాములలో సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది.
* వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు బ్రోమెలైన్ మాత్రలు తీసుకొనే ముందు వైద్యుని సంప్రదించాలి.
* పక్వానికి రాని కాయను తింటే గొంతు మంట, వాంతులు, విరేచనాలు కలుగవచ్చు.
* కీళ్లవాతానికి వైద్యులు ఇచ్చిన మందులను పండు తింటున్నామని మానివేయరాదు.