బాంజో కొనుట యెట్లు?

సంగీతవాద్యమును గొనుట నగను గొనుటవంటిది కాదు, పాడియావును గొనుటవంటిది. ఆవును గొనునపుడు కొమ్ములకుఁ బూసిన రంగును జూచి యెవ్వరును సొమ్ము చెల్లింపరు. పొదుగు చూతురు, నడక చూతురు, పాలు పిదికి చూతురు. వాద్యము విషయమున మాత్రము మన మీ వివేకమును మఱచి మెఱుపునకు లోఁబడుచున్నాము. మా చెల్లెలి యింట జరిగిన సంగతియే యిందులకు నిదర్శనము.

మా చెల్లెలు అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమున రాలీ నగరమందుఁ గాపురమున్నది. 2013 మొదలు 2024 వఱకు ఆ నగరమున ఏటేట బ్లూగ్రాస్ సంగీతోత్సవము జరిగెడిది. ఒక యేఁడు అచ్చట బాంజో విని వచ్చిన దాని పదియేండ్ల కూఁతురు తనకును అదియే కావలెనని పట్టుపట్టినది. ధర తక్కువ, చూపునకు తళతళ లాడుచున్నది గదా యని తల్లి యొక క్రొత్త వాద్యమును గొనిపెట్టెను. దాని తీగెలు మెట్లకు మిక్కిలి యెత్తున నుండెను. పిల్ల బలముకొలఁది నొక్కినను అపస్వరమే పలికెడిది, వ్రేళ్లు బొబ్బలెక్కినవి. మూఁడు మాసములకు "నాకు సంగీతము రాదమ్మా" యని దానిని మూలఁ బెట్టినది. తప్పు పిల్లది కాదు, వాద్యమునది. ఒక గురువు వచ్చి దండి వంగియుండుటను జూపువఱకు ఆ సంగతి యింటిలో నెవ్వరికిని దెలియలేదు.

మన దేశమున మీటలు నొక్కి వాయించు బుల్‌బుల్‌ తరంగును గూడఁ గొందఱు బాంజో యందురు. ఇది యది కాదు. కంజీరవలె గుండ్రని కొయ్యచట్రమునకుఁ బొర బిగించి, దానికి వీణకువలె పొడవైన దండిని, మెట్లను, బిరడలను అమర్చినచో బాంజో యగును. బ్లూగ్రాస్ బాంజోకుఁ దీగె లైదు. అయిదవది పొట్టిది; దాని బిరడ దండి నడుమ, అయిదవ మెట్టుచెంత నుండును. ఆఫ్రికా పశ్చిమతీరమునుండి బానిసలుగాఁ గొనిపోఁబడిన జనులు తమ సొరకాయబుఱ్ఱ వాద్యముల జ్ఞాపకముతో అమెరికా ఖండమున దీనిని రూపొందించిరి. కెంటకీ రాష్ట్రీయుఁడగు బిల్ మన్రో మేళమున 1945వ సంవత్సరాంతమున ఎర్ల్ స్క్రగ్స్ చేరి, బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఈ మూఁటితో మీటు పద్ధతిని ప్రసిద్ధికిఁ దెచ్చెను. స్త్రీలును వెనుకఁబడలేదు. రోనీ స్టోన్‌మన్ 1957లోనే యీ పద్ధతిని వాయించి రికార్డు చేసినది. ఆలిసన్ బ్రౌన్ 1991లో ఆ యేఁటి యుత్తమ బాంజో వాదకురాలిగా అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘమువారి బహుమానమును బడసినది.

ఇంతకును నాద మెచ్చట నున్నది? పొరక్రింద, మేపుల్ కొయ్యచట్రముపైఁ గూర్చుండు కంచువలయమునందు. దానిని టోన్ రింగు అందురు. వెనుక రెజొనేటరను కొయ్యపళ్లెము నాదమును ముందునకుఁ ద్రోయును. పలువురు కూడి వాయించు బ్లూగ్రాస్ మేళమున గొంతు వినఁబడుటకు ఈ రెండును ముఖ్యములు. చౌకవాద్యములఁ బెక్కింట వలయమే యుండదు. ముత్తెపుచిప్ప చెక్కడములును, బంగారుపూఁతయుఁ గంటికే గాని చెవికిఁ బనికిరావు.

అందువలన, ఉన్న సొమ్ముతో క్రొత్తదియు నాసిదియునగు దానిని గొనుటకంటె, ఒకరు వాడిన మేలిదానిని గొనుట లాభము. దానిఁ బరీక్షించు విధము వినుఁడు. మొదట దండిని కంటియెదుట సూటిగాఁ బట్టి బాణమును జూచినట్లు చూడవలెను. కొంచెము వంగినచో, లోపల ఇనుపకమ్మి యున్న వానిని నిపుణుఁడు సరిచేయఁగలఁడు, మెలిపడినచో వదలివేయుఁడు. దండి చట్రమును గలియుచోటఁ బగులుగాని సందుగాని యుండరాదు. ప్రతి తీగెను ప్రతి మెట్టునందును మీటి జరజర మను ధ్వని కలదేమో వినవలెను. పిమ్మట పండ్రెండవ మెట్టున నొక్కిన స్వరమును, అచ్చటనే వ్రేలు తేలికగాఁ దాఁకించిన స్వరమును సరిపోల్చవలెను. అవి కలియకున్నచో బ్రిడ్జిని జరిపి చూడుఁడు. అది యతికింపఁబడినది కాదు, తీగెల యొత్తిడిచేతనే నిలుచును. కావుననే తీగెలన్నిటిని ఒక్కమాఱుగా విప్పరాదు.

పొర చిరిగినదని భయపడవలదు. పూర్వము దూడతోలు వాడెడివారు. 1950 తరువాతి దశకాంతమునుండి ప్లాస్టిక్ పొరలు వచ్చినవి. పొర, తీగెలు, బ్రిడ్జి స్వల్పవ్యయముతో మార్పఁదగినవి. వీనిని జూపి ధర తగ్గింపుమని యడుగవచ్చును. దండియు, చట్రమును, వలయమును మాత్రము బాగుగ నుండితీరవలెను.

పాతవానిలో గిబ్సన్ కంపెనీ 1925లో వెలువరించిన మాస్టర్‌టోన్ తరగతికి గొప్ప పేరు. రెండవ ప్రపంచయుద్ధమునకుఁ బూర్వపువానిలోఁ గొన్ని పదుల వేల డాలర్లు పలుకును. అయితే ఆ దినములలో నాలుగుతీగెల బాంజోలే యెక్కువగా నమ్ముడుపోయెను. తరువాతి వారు వానిలోఁ బెక్కింటి దండులను దీసి అయిదుతీగెల దండులను బెట్టించిరి. ఇవి చక్కఁగా మ్రోగును, కాని మూలరూపమున నున్న వానితో సమానమైన ధర చేయవు. దండి యేది, వలయ మేది, పూఁత యెప్పటిదని యడిగి, అమ్మువాని సమాధానమును వ్రాఁతమూలమునఁ దీసికొనవలెను. పాతవాద్యములలోఁ గొన్నిఁట బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ కొయ్య యుండును. 1992 మొదలు దాని యంతర్జాతీయ వ్యాపారము కఠినముగా నిర్బంధింపఁబడినది గాన, మన దేశమునకుఁ దెచ్చుకొనఁ దలఁచువారు అనుమతిపత్రముల సంగతి ముందే విచారింపవలెను.

ఇఁక చెప్పి చేయించుకొను వాద్యములు. కాలిఫోర్నియాలో గ్రెగ్, జానెట్ డీరింగ్ దంపతులు 1975లో నెలకొల్పిన కార్ఖానా మొదలు ఒంటరి పనివారివఱకు వీనిని జేయువారు పెక్కుమంది కలరు. మేపుల్ కొయ్య పదునుగాఁ బలుకును. మహాగనీ మృదువుగాఁ బలుకును. వాల్‌నట్ రెంటికిని నడుమ నుండును. చిన్నచేతులవారు సన్నని దండిని గోరవచ్చును. కాని తన చేతికేది యొప్పునో రెండుమూఁడేండ్లు వాయించినఁగాని తెలియదు. కావున మొదటి వాద్యమును జేయించుకొనరాదు. బయానా, గడువు, కొయ్య, వలయము అన్నియు కాగితముపై నుండవలెను. దండిపైఁ బేరు చెక్కించినచో, పిమ్మట నమ్మవలసివచ్చినపుడు ధర తగ్గును.

మా చెల్లెలు రెండవమాఱు గురువును వెంటఁ బెట్టుకొనిపోయి, ఒక వృద్ధుఁడు వాడిన బాంజోను గొన్నది. పూఁత మాసినది, పళ్లెముపై గీఁత లున్నవి. దండి మాత్రము తిన్నగా నున్నది, వలయము గంటవలె మ్రోగుచున్నది. బిడ్డ నాఁటి సాయంకాలమే మెట్టు నొక్కి, స్వరము శుద్ధముగాఁ బలుకఁగా తల్లి మొగము చూచి నవ్వినదఁట. "అమ్మా, నాకు వచ్చును" అన్నదఁట. బిడ్డకు విద్య యబ్బలేదని నిర్ణయించుటకు ముందు దాని చేతికి మన మిచ్చిన పనిముట్టును ఒక్కసారి పరీక్షించుట తల్లులమగు మన ధర్మము.