తలనొప్పి తగ్గినా చూపు పరీక్ష మానొద్దు

వంగి లేచేసరికి కొన్ని క్షణాలు కళ్లకు చీకట్లు కమ్ముతాయి. చెవిలో నాడి కొట్టుకుంటున్నట్టు హోరు. వారాల తరబడి వదలని తలనొప్పి. ఈ బాధలతో ఆసుపత్రికి వచ్చే, వయసులో ఉన్న ఆడవాళ్లకు, ముఖ్యంగా ఈ మధ్య బరువు పెరిగినవాళ్లకు, మైగ్రేన్ అని చెప్పి పంపేస్తుంటారు. కానీ కొందరికి కంట్లో చుక్కల మందు వేసి చూస్తే లోపల కంటి నరం ఉబ్బి ఉంటుంది. ఎమ్మారైలో గడ్డలేవీ ఉండవు, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండదు. నడుము దగ్గర సూదితో వెన్నునీటి ఒత్తిడి కొలిస్తే 25 సెంటీమీటర్లు దాటుతుంది. కారణం తెలియని ఈ ఒత్తిడినే డాక్టర్లు ఐఐహెచ్ అంటారు.

వాడుతున్న మందులన్నీ ముందే చెప్పాలి. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, మోతాదు మించిన విటమిన్ ఎ కూడా ఒత్తిడి పెంచుతాయి. అవే కారణమైతే, డాక్టరు చెప్పాక వాటిని ఆపడమే మొదటి వైద్యం.

జబ్బును మూలం నుంచి తగ్గించేది బరువు తగ్గడం. పూర్తిగా అణగాలంటే 15 శాతం దాకా తగ్గాల్సి రావచ్చు. 80 కిలోలున్న మనిషికి అది 12 కిలోలు. "బరువు తగ్గమ్మా" అని చీటీ చేతిలో పెడితే వైద్యం అయిపోదు. డైటీషియన్ సాయం కావాలి, ఇంట్లోవాళ్ల సహకారం కావాలి. ఊబకాయం ఎక్కువైతే బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి అడగడానికి మొహమాటపడొద్దు. 2021లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, మామూలు బరువు తగ్గింపు పద్ధతులకన్నా ఈ ఆపరేషనే ఒత్తిడిని ఎక్కువగా దించింది.

బరువు తగ్గేలోగా చూపును కాపాడేది అసిటజోలమైడ్. డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. చూపు కొద్దిగా తగ్గిన 165 మందిపై ఉత్తర అమెరికాలో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, ఆహార నియమంతో పాటు ఇది వాడినవాళ్లకు చూపు కొంత ఎక్కువగా మెరుగైంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి మారుతుంది, భయపడి మానేయకండి. కిడ్నీలో రాళ్లున్నా, గర్భం ఉన్నా ముందే చెప్పండి. తలనొప్పికి ఇచ్చే టోపిరమేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది.

చూపు వేగంగా పడిపోతుంటే మాత్రలతో ఆగకూడదు. వెన్నునీటిని పొట్టలోకి మళ్లించే షంట్ వేస్తారు, లేదా కంటి నరం చుట్టూ పొరను చీలుస్తారు. షంట్ మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ కావడం అరుదు కాదు. మెదడు సిర ఇరుకైనవాళ్లలో కొందరికి స్టెంట్ వేస్తారు.

ఒత్తిడి దిగినా తలనొప్పి మిగలొచ్చు. నొప్పేమీ లేకుండానే చూపు అంచులు కరిగిపోవచ్చు. అందుకే చూపు అంచులను కొలిచే ఫీల్డ్ టెస్ట్ తేదీ తప్పించకండి. చూపు ఉన్నట్టుండి మసకబారితే ఆ తేదీ దాకా కూడా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.