మల్టీమీటర్ కొంటున్నారా? రేటు ఒక్కటే చూస్తే బుక్కయిపోతారు.. ముందు ఇవి చెక్ చేయండి!

సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది. పోయింది కెపాసిటరా, వైండింగా? చేతిలో సరైన మీటర్ ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే రెండు మూడొందలకే పసుపు రంగు మల్టీమీటర్ చేతిలో పెడతారు. పక్కనే వేలల్లో పలికే మీటర్లూ ఉంటాయి. మరి ఏది తీసుకోవాలి?

ముందు మీ పనేంటో తేల్చుకోండి. బ్యాటరీలు, చిన్న సర్క్యూట్ బోర్డులతో నేర్చుకునే ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు చవక మీటర్ చాలు. కానీ వీటిలో చాలావాటికి కెపాసిటర్ రేంజ్ ఉండదు. అంటే ఆ ఫ్యాన్ కెపాసిటర్ సంగతి తేలదన్నమాట! దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసుండి, మీటర్‌లో 1.8 వస్తే మార్చేయాల్సిందే. డయోడ్ టెస్ట్, కంటిన్యూటీ బీప్ కూడా ఉన్నాయో లేదో చూడండి. మంచి సిలికాన్ డయోడ్ ఒకవైపు 0.5 నుంచి 0.7 వోల్టులు చూపిస్తుంది, లీడ్స్ తిప్పితే ఏమీ చూపించదు.

అసలు ప్రమాదం 230 వోల్టుల దగ్గరే. ఎర్ర లీడ్‌ను 10 యాంప్స్ సాకెట్‌లో మర్చిపోయి, అలాగే ప్లగ్‌లో పెట్టేస్తుంటారు కొందరు. అలా చేస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే! చవక మీటర్లలో ఆ సాకెట్ పక్కన ‘అన్‌ఫ్యూజ్డ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫ్యూజే లేదని వాళ్లే చెబుతున్నారు, మనమే చదవం. కరెంటు పని చేసేవాళ్లకు కనీసం ‘క్యాట్ త్రీ 600 వోల్ట్స్’ రేటింగ్ ఉన్న మీటర్ కావాలి. ఇంట్లోని డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఈ కేటగిరీలోకే వస్తుంది. అయితే ఆ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు. వీలైతే వెనక మూత తీయించి చూడండి. సన్నటి గాజు ఫ్యూజ్ కనిపిస్తే ఆ ముద్రను నమ్మొద్దు. లావుగా ఉండే సిరామిక్ ఫ్యూజ్ ఉండాలి.

ఇన్వర్టర్లు రిపేర్ చేసేవాళ్లు ‘ట్రూ ఆర్ఎంఎస్’ మీటరే తీసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ నిజంగా 230 వోల్టులు ఇస్తున్నా మామూలు మీటర్ 255 దాకా చూపిస్తుంది. బాగున్న ఇన్వర్టర్‌ను విప్పి చూడటం ఇలాగే మొదలవుతుంది.

టీవీ, ఎస్ఎంపీఎస్ బోర్డుల రిపేర్‌లో మల్టీమీటర్ కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. కెపాసిటర్ విలువ కరెక్ట్‌గానే ఉంటుంది, టీవీ మాత్రం ఆన్ కాదు. కారణం కెపాసిటర్ లోపల పెరిగిన రెసిస్టెన్స్. దాన్ని పట్టుకోవాలంటే ఈఎస్ఆర్ మీటర్ గానీ, ఎల్‌సీఆర్ మీటర్ గానీ వేరే ఉండాలి. రోజూ బోర్డులు చేసేవాళ్లకు ఈ ఖర్చు దండగ కాదు. ఇంట్లో వాడుకునేవాళ్లకు మాత్రం అక్కర్లేదు.

టెస్ట్ చేసేముందు కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయడం తప్పనిసరి. ప్లగ్ తీసేశాక కూడా ఎస్ఎంపీఎస్ పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లను ఇన్సులేషన్ ఉన్న చోట పట్టుకుని, రెండు కాళ్లకూ కాసేపు తాకిస్తే చార్జ్ దిగిపోతుంది. తర్వాత డీసీ వోల్టుల్లో సున్నా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడే కెపాసిటర్ రేంజ్‌కు తిప్పండి. లేదంటే షాక్ మీకు కొట్టకపోయినా, కొత్త మీటర్ పోతుంది.